అప్పజెప్పే చదువు: ముప్పై దాటాక వైద్యవిద్య మొదలుపెట్టేవారితో ఒక సాయంత్రం

(ఫిజియాలజీ విశ్రాంత ఆచార్యులొకరు, పెద్ద వయసులో ఎంబీబీఎస్ లక్ష్యంగా చదువుతున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం. ముందుగా ఒక చిన్న విన్నపం. లోపలికి వచ్చేటప్పుడు మీ అందరి చేతికీ ఒక తెల్లకాగితం ఇచ్చారు. దాన్ని మడిచి జేబులోనో సంచిలోనో పెట్టుకోండి. నేను మాట్లాడుతున్నంతసేపూ దాని మీద ఏమీ రాయవద్దు. ఎవరేం చెప్పినా రాసుకోవడం అలవాటైనవారికి ఇది ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఈ ఒక్క సాయంత్రానికి నా మాట మన్నించండి.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఫిజియాలజీ బోధించాను. నా తరగతి గదిలో కూర్చున్నవారిలో నూటికి తొంభై తొమ్మిది మంది ఇంటర్మీడియట్ ముగించుకుని నేరుగా వచ్చిన పిల్లలే. అయితే అప్పుడప్పుడు వెనక బెంచీలో, తల దించుకుని, అందరికంటే పెద్ద నోటు పుస్తకం ముందు పెట్టుకుని ఒకరు కనిపించేవారు. వారిని చూసి అటెండరు లేచి నిలబడేవాడు, అధ్యాపకుడనుకుని. తోటి పిల్లలు అక్కా అనాలో, మేడమ్ అనాలో తెలియక కొన్నాళ్లు ఏ పిలుపూ లేకుండానే గడిపేవారు. ఈ రోజు ఈ హాలంతా ఆ వెనక బెంచీవారే ఉన్నారు. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, పిల్లల్ని బడికి పంపాక పుస్తకం తెరిచే తల్లులు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు.

నియమాల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే వాటిలో చాలావరకు మీకు నాకంటే బాగా తెలుసు. నీట్ రాయడానికి 25 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు 30 ఏళ్లు గరిష్ఠ పరిమితిగా ఉండాలన్న నిబంధన మీద కొన్నేళ్లు కోర్టుల్లో వాదనలు నడిచాయి. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితిని తీసివేసింది. ఇంటర్లో ఎంపీసీ చదివినవారు తరువాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా ఉత్తీర్ణులైతే నీట్‌కు అర్హులేనని 2023 నవంబరులో ప్రకటించింది. కనుక తలుపు తెరిచే ఉంది. అయితే ఆ తలుపు ముందు ఎంతమంది నిలబడ్డారో కూడా చూడాలి. 2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైగా ఉంటే, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. ఒడిశాలో 64 ఏళ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు 2020లో నీట్‌లో అర్హత సాధించి బుర్లాలోని వైద్య కళాశాలలో చేరిన వార్త మీరందరూ చదివే ఉంటారు. చాలామంది ఆ వార్త కత్తిరించి గోడకు అంటించుకున్నారు కూడా. ఆయనకు నా నమస్కారం. కానీ గోడ మీది వార్త మీ బదులు కెమిస్ట్రీ లెక్క చేయదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెద్ద వయసులో నా దగ్గరకు వచ్చిన ప్రతి విద్యార్థీ మొదట చెప్పే మాట ఒకటే: “సార్, ఇదివరకటి జ్ఞాపకశక్తి లేదండి.” ఈ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని నేను కాదనను. కొత్త విషయాన్ని అందుకుని దాంతో చకచకా పనిచేసే వేగం ఇరవైలు దాటినప్పటి నుంచీ మెల్లగా తగ్గుతూ వస్తుంది. పదసంపద, లోకజ్ఞానం, ఒక విషయాన్ని మరొక దానితో ముడిపెట్టి చూసే నేర్పు మాత్రం అలా తగ్గవు, నడివయసు దాటినా పెరుగుతూనే ఉంటాయి. అయితే ఇన్నేళ్లలో నేను గమనించింది ఏమిటంటే, పెద్దవారు వెనకబడటానికి ఈ వేగం ఒక చిన్న కారణం మాత్రమే. పెద్ద కారణం, వారు తెలియదని చెప్పడానికి సిగ్గుపడటం. సిగ్గుపడతారు కనుక ఎవరికీ అప్పజెప్పరు. అప్పజెప్పరు కనుక తమకు ఏది రాదో తమకే తెలియదు.

మా చిన్నతనంలో వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు, వేమన పద్యాలు అప్పజెప్పించుకునేవారు. పుస్తకం పెద్దల చేతిలో ఉండేది, పద్యం మన నోట్లో ఉండాలి. పాదం తప్పితే అక్కడే ఆగిపోయేది. ఆ పద్ధతిని మనం బట్టీ చదువు అని వెక్కిరించి వదిలేశాం. అర్థం తెలియకుండా వల్లించడం తప్పే, కాదనను. కానీ ఆ తప్పుతో పాటు అప్పజెప్పడమనే మంచిని కూడా పారేశాం. పుస్తకం మూసి, లోపలున్నదాన్ని బయటకు లాగే ఆ ప్రయత్నంలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక చిన్న పాఠాన్ని కొందరు విద్యార్థుల చేత నాలుగు విడతలు చదివించారు. మరికొందరి చేత ఒక్క విడత మాత్రమే చదివించి, ఆ తరువాత మూడు విడతలు, పుస్తకం లేకుండా, గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు. వారం తరువాత పరీక్షిస్తే లెక్క తలకిందులైంది: చదివినవారికి నూటికి 40 వంతులు గుర్తుంటే, రాసి చూసుకున్నవారికి 61 వంతులు గుర్తున్నాయి. నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచే సంగతి ఇంకొకటి ఉంది. వారం తరువాత మీకు ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, నాలుగు విడతలు చదివినవారే ఎక్కువ ధీమాగా జవాబిచ్చారు. మళ్లీ మళ్లీ చదివితే వాక్యం పరిచయమైపోతుంది. ఆ పరిచయాన్నే మనం పాండిత్యం అనుకుంటాం. రోజూ బస్టాపులో చూసే మనిషి ముఖం మనకు బాగా తెలుసు, కానీ ఆయన పేరు అడిగితే నోరు మెదపలేం.

ఒక విద్యార్థిని గురించి చెబుతాను. పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి, ముప్పై నాలుగో ఏట ఎంబీబీఎస్‌లో చేరింది. ఆమె నోట్సు చూస్తే ముత్యాల కోవలా ఉండేది. నాలుగు రంగుల పెన్నులు, స్కేలుతో గీసిన గీతలు, పక్కన చిన్న చిన్న బొమ్మలు. తరగతిలో సగం మంది ఆమె నోట్సును జిరాక్స్ తీయించుకునేవారు. మొదటి ఇంటర్నల్స్‌లో ఆ జిరాక్స్ చదివిన పిల్లలు గట్టెక్కారు, ఆమె తప్పింది. నా గదిలో కూర్చుని, ఇంటికి వెళ్లి ఏం చెప్పాలి సార్ అని కన్నీళ్లు పెట్టుకుంది. నోట్సు పక్కన పెట్టమని చెప్పి, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే లాసిక్స్ అనే మందు గురించి ఒక ప్రశ్న అడిగాను: “లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చిన రోగికి మరునాడు ఏ పరీక్ష చేయిస్తావమ్మా?” క్షణం ఆలోచించకుండా “పొటాషియం చూస్తాం సార్” అంది. “ఎందుకు?” అన్నాను. జవాబు లేదు. వార్డులో కొన్ని వందల సార్లు చేసిన పని అది. చేతికి తెలుసు, నోటికి తెలియదు.

అప్పుడు బోర్డు మీద నెఫ్రాన్, అంటే మూత్రపిండంలో మూత్రం తయారుచేసే సన్నని నాళం, గీసి చెప్పాను. ఆ నాళం వంపు తిరిగే చోటును హెన్లీ శిక్యం అంటారు. అందులో పైకి ఎక్కే మందమైన భాగంలో ఒక వాహకం ఉంటుంది. అది ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్లను కలిపి నాళంలో నుంచి కణంలోకి లాగుతుంది. లాసిక్స్‌లో ఉండే ఫ్రూసిమైడ్ మందు ఈ వాహకాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు ఉప్పు నాళంలోనే మిగిలిపోతుంది, ఉప్పు ఉన్నచోటే నీరు నిలుస్తుంది కనుక మూత్రం పెరుగుతుంది. అలా కిందికి జారిపోయిన సోడియంలో కొంత భాగాన్ని నాళం చివరి భాగాలు తిరిగి లాక్కుంటాయి, దానికి బదులుగా పొటాషియం బయటకు పోతుంది. ఇంతే సంగతి. బోర్డు తుడిచేసి, సుద్దముక్క ఆమె చేతికిచ్చి, ఇప్పుడు నువ్వు చెప్పమన్నాను. మూడుసార్లు తడబడి నాలుగోసారి చెప్పింది. అప్పటి నుంచి ఆమె ఆ చదువును తిరగేసి మొదలుపెట్టింది: వార్డులో తాను చేసిన పనుల జాబితా ముందు రాసుకుని, ఒక్కొక్క దానికీ ఎందుకు అన్న ప్రశ్న వేసుకుని, ఆ జవాబు కోసమే పుస్తకం తెరిచేది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి హెన్లీ శిక్యం ఒక బొమ్మ మాత్రమే. ఆమెకు అది ఒక రోగి, ఒక మంచం, ఒక యూరిన్ బ్యాగు. మీలో ఆసుపత్రి ఉద్యోగాల నుంచి వచ్చినవారికి ఇలాంటి కొక్కేలు వందలున్నాయి. వాటికి పాఠం తగిలించుకోండి. అయితే జాగ్రత్త, అనుభవం మీద నమ్మకంతో ఇది నాకు తెలిసిందేలే అని దాటేసిన అధ్యాయాల్లోనే మీరు తప్పుతారు.

చదువును రోజులో ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు మన తెలుగువారి దగ్గరే చక్కని నమూనా ఉంది. అష్టావధానం చూసినవారు ఇక్కడ ఉండే ఉంటారు. అవధాని ఒక పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న వేసేవారికి, పద్యమంతా ఒకేసారి చెప్పి ముగించడు. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం, దత్తపది ఇచ్చినవారికి ఒక పాదం, వర్ణన అడిగినవారికి ఒక పాదం చెప్పుకుంటూ ఒక చుట్టు తిరిగి, రెండో ఆవృత్తిలో మళ్లీ మొదటివారి దగ్గరకు వస్తాడు. అప్పుడు తాను వదిలిపెట్టిన పాదాన్ని మనసులో తిరిగి పట్టుకుంటేనే రెండో పాదం అతుకుతుంది. ఇలా నాలుగు చుట్లు తిరిగి, చివరలో ధారణ చేస్తాడు, అంటే ఆ పద్యాలన్నీ జ్ఞాపకం నుంచి అప్పజెబుతాడు. ఈ మధ్యలో ఒకరు అప్రస్తుత ప్రసంగం చేస్తూ దారి మళ్లిస్తుంటారు, ఇంకొకరు గంట కొడుతుంటే ఎన్ని దెబ్బలో లెక్క పెట్టుకోవాలి. విడిచిపెట్టడం, వేరే పనిలో పడటం, తిరిగి వచ్చి పట్టుకోవడం, ఈ మూడూ కలిస్తేనే ధారణ. నేటి పరిశోధకులు ఎడం ఇచ్చి చదవడం, అంశాలు కలిపి చదవడం అని చెబుతున్నది ఇదే.

కనుక ఆదివారం నాలుగు గంటలు దొరికాయని నాలుగు గంటలూ బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) మీద కూర్చోవద్దు. నలభై నిమిషాలు దాన్ని చదివి, పుస్తకం మూసి, బయోకెమిస్ట్రీ తీయండి. తరువాత ఇంకొకటి. చీకటి పడే వేళకు ఒక తెల్లకాగితం మీద ఆ ప్లెక్సస్‌ను వేర్ల నుంచి కొమ్మల దాకా గీయండి, తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. బుధవారం మళ్లీ గీయండి. తరువాతి ఆదివారం మరొకసారి. మొదటిసారి గీసిన కాగితం చూస్తే మీకే నవ్వొస్తుంది. ఆ కాగితాలు పారేయకండి. అప్రస్తుత ప్రసంగం సంగతంటారా, అది మీ ఇంట్లో ఉచితంగా దొరుకుతుంది. గ్యాస్ సిలిండర్ వచ్చిందని ఒకరు, మేనకోడలి పెళ్లి చూపులకు రాలేదేమని ఇంకొకరు. అవధానికి ఆ అంతరాయం ఆటలో భాగమే. మీకూ అంతే అనుకుంటే కొంత కోపం తగ్గుతుంది. అరగంట ముక్కలే దొరికేవారికి, చదవడానికి అరగంట చాలకపోయినా, అప్పజెప్పుకోవడానికి పది నిమిషాలు చాలు.

నైట్ డ్యూటీ చేసేవారికి ఒక మాట. రాత్రంతా మేల్కొని, ఉదయం ఇంటికొచ్చి కొత్త పాఠం మొదలుపెట్టవద్దు. నేర్చుకున్నది మెదడులో బాగా స్థిరపడాలంటే నిద్ర కావాలి. ఆ ఉదయం పడుకోండి. లేచాక పాతదాన్ని గుర్తు తెచ్చుకోండి, కొత్తది మరునాటికి వదిలేయండి. నిద్ర తగ్గించి గంటలు పెంచుకున్నామని గొప్పగా చెప్పుకునేవారిని నేను చాలామందిని చూశాను. వారి గంటలు పెరిగాయి, మార్కులు పెరగలేదు.

నీట్ దగ్గరే ఉన్నవారికి వేగం గురించి నిక్కచ్చిగా చెప్పాలి. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. అందులో 90 ప్రశ్నలు, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివి. ఇందాక వేగం తగ్గుతుందని చెప్పానే, దాని దెబ్బ తగిలేది ఇక్కడే. జ్ఞానంలో మీరు పిల్లలకు తీసిపోకపోవచ్చు, గడియారం దగ్గర తీసిపోతారు. దీనికి మార్గం గడియారాన్ని తప్పించుకోవడం కాదు, మొదటి నెల నుంచీ దాన్ని ఎదురుగా పెట్టుకోవడం. జీవశాస్త్రం ప్రశ్నలు చాలావరకు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల వాక్యాల మీదే తిరుగుతాయి కనుక, వాటిని ఆలోచించి కాక, చూడగానే గుర్తుపట్టే స్థితికి రావాలి. అలా మిగిల్చుకున్న నిమిషాలను ఫిజిక్స్ లెక్కలకు ఖర్చు పెట్టాలి. చాలామంది పెద్దవారు దీనికి తలకిందులుగా చేస్తారు: జీవశాస్త్రం ఇష్టం కనుక దాన్ని తీరిగ్గా ఆస్వాదిస్తారు, ఫిజిక్స్ అంటే భయం కనుక దాన్ని వాయిదా వేస్తారు, మాక్ టెస్టులు సిలబస్ పూర్తయ్యాక రాద్దామంటారు. సిలబస్ ఎప్పటికీ పూర్తి కాదు. సగం వచ్చినప్పుడే రాయండి, 250 మార్కులు వస్తే రానివ్వండి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు, కానీ కళాశాలలో చదువంతా ఇంగ్లీషులోనే కనుక పారిభాషిక పదాలు రెండు భాషల్లోనూ అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఒక పెద్దాయన గురించి చెప్పాలి. ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరు మీరు విని ఉంటారు. 1905లో, ముప్పై ఏళ్ల వయసులో, స్ట్రాస్‌బర్గ్‌లో వైద్య విద్యార్థిగా చేరాడు. అప్పటికే ఆయన దైవశాస్త్రంలో పేరున్న పండితుడు, ఆర్గన్ వాద్యంలో దిట్ట, సంగీతకారుడు బాఖ్ మీద గ్రంథం రాసినవాడు. ఆఫ్రికాలో వైద్యుడిగా సేవ చేయాలన్న సంకల్పంతో ఇదంతా పక్కన పెట్టి శరీరశాస్త్రం చదవడానికి కూర్చున్నాడు. పక్కన పెట్టాడనడం కూడా సరికాదు, ఉపన్యాసాలు, చర్చిలో ప్రసంగాలు, కచేరీలు అన్నీ చేస్తూనే చదివాడు. ఆ సంవత్సరాలను ఆయన తన ఆత్మకథలో అలసటతో చేసిన ఎడతెగని పోరాటంగా చెప్పుకున్నాడు. 1908లో మొదటి పెద్ద పరీక్ష ముందుకొచ్చింది. సబ్జెక్టు మీద ఎంత ఆసక్తి ఉన్నా, ముప్పై దాటినవాడి జ్ఞాపకం ఇరవై ఏళ్లవాడి జ్ఞాపకంలా పనిచేయదని ఆయనే ఒప్పుకున్నాడు. దానికి తోడు, పరీక్ష కోసం కాక శాస్త్రం కోసం చదువుతున్నానన్న పట్టుదల కూడా ఉండేది. చివరి వారాల్లో తోటి విద్యార్థులు బలవంతం చేస్తే, పరీక్షకు కలిసి వల్లె వేసుకునే వారి బృందంలో చేరాడు. ప్రొఫెసర్లు మామూలుగా ఏ ప్రశ్నలు వేస్తారో, ఏ జవాబులు వినడానికి ఇష్టపడతారో అక్కడే తెలుసుకుని, అనుకున్నదానికంటే బాగానే గట్టెక్కాడు. 1913లో వైద్యంలో డాక్టరేట్ పొంది, ఆ ఏడాదే ఆఫ్రికాలోని లాంబరేనేకు బయలుదేరాడు.

ఈ కథలో జనం ఆయన త్యాగాన్ని చూస్తారు. నాకు మాత్రం ఆ చివరి వారాలే కనిపిస్తాయి. యూరప్ అంతా పేరున్న పండితుడు, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మధ్య కూర్చుని, వారితో కలిసి వల్లె వేసుకున్నాడు. మీ బ్యాచ్‌లో పిల్లలు మీకు ఆ బృందం. వారు మిమ్మల్ని పిలవరు, పెద్దవారిని ఎలా పిలవాలో వారికి తెలియదు. మీరే వెళ్లి, “నాన్నా, ఈ క్రేనియల్ నర్వ్స్ నాకు అప్పజెప్పించుకో” అని అడగాలి. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఎదురుగా మీకంటే చిన్నవాడైన అసిస్టెంట్ ప్రొఫెసర్ కూర్చుంటాడు. ఆయన ముందు తెలియదని చెప్పడం అలవాటు కావాలంటే, ముందు ఈ పిల్లల ముందు పది సార్లు చెప్పి ఉండాలి. దీన్ని వాయిదా వేసే వెసులుబాటు కూడా లేదు. మొదటి సంవత్సరం పరీక్షలు దాటడానికి నాలుగు అవకాశాలకు మించి ఇవ్వరు. హాజరు థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం ఉండాలి.

ఇక ప్రేరణ. ఈ మాట మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఉదయాన్నే వీడియో చూసి తెచ్చుకున్న ఉత్సాహం మధ్యాహ్నం భోజనం దాకా కూడా నిలవదు. నేను అడిగేది వేరే ప్రశ్న: మీకు కావలసింది డాక్టరు అన్న పేరా, డాక్టరు చేసే పనా? 35వ ఏట చేరితే నాలుగున్నర ఏళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ముగిసేసరికి నలభై దాటుతుంది. పీజీ అంటే ఇంకో మూడేళ్లు, దానికి ముందు ఇంకో ప్రవేశ పరీక్ష. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో వయోపరిమితి ఉంటుంది. ఈ లెక్క ఇంట్లోవారితో కలిసి కాగితం మీద వేసుకోండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకాయన ముప్పై ఎనిమిదో ఏట రాజీనామా లేఖ రాసుకుని నా సలహా కోసం వచ్చారు. లేఖ ఇచ్చే ముందు, తెలిసిన డాక్టరు అనుమతితో నాలుగు ఆదివారాలు చిన్న ఆసుపత్రి ఓపీలో ఒక మూల కూర్చుని చూడమన్నాను. రెండో ఆదివారం తరువాత ఫోన్ చేసి, తనకు ఇష్టమైంది జీవశాస్త్రమే గానీ రోగులు కాదని చెప్పారు. అది ఓటమి అని నేను అనుకోను. ఆ నర్సమ్మాయికి మాత్రం ఈ ప్రశ్న అవసరమే రాలేదు. రాత్రి రెండు గంటలకు డాక్టరు కోసం ఎదురుచూస్తూ, ఏం చేయాలో తెలిసీ ఎందుకో తెలియక నిలబడిన రాత్రులు ఆమెకు చాలా ఉన్నాయి. ఆమె చదివింది ఆ ఎందుకు కోసమే.

నేను చెప్పదలచుకున్నది అయిపోయింది. ఇప్పుడు ఆ తెల్లకాగితం బయటకు తీయండి. లాసిక్స్ ఇస్తే మూత్రం ఎందుకు పెరుగుతుందో, పొటాషియం ఎందుకు తగ్గుతుందో, సుమారు అరగంట కిందట చెప్పాను. వైద్యం జోలికి ఇంకా రానివారు కూడా రాయండి, నెఫ్రాన్ మీ నీట్ సిలబస్‌లో ఉంది. అయిదు నిమిషాలు సమయం. రాశాక మీ కాగితాన్ని పక్కన కూర్చున్నవారికి ఇచ్చి, వారి కాగితం మీరు తీసుకుని దిద్దండి. ఖాళీగా ఉన్నా సరే, ఇవ్వండి.